ఎదిగే పిల్లల దవడ ఎప్పుడు, ఎటు, ఎంత: ఎదుగుదలను అంచనా వేసే పద్ధతి మొదటి నుంచి చివరి దాకా

భీమవరంలోనైనా అమలాపురంలోనైనా పదకొండేళ్ళ పిల్లను కుర్చీలో కూర్చోబెట్టిన తల్లి అడిగేది ఒకటే: "పెద్దయ్యాక సర్దుకుపోద్దాండీ, ఇప్పుడే ఏదైనా చేయించాలాండీ?" పీజీ విద్యార్థులు, చిన్న ఊళ్ళలో క్లినిక్ నడిపే దంతవైద్యులు పదేపదే అడుగుతున్నదీ అదే. జవాబు చెప్పాలంటే ఆ పిల్ల దవడలు ఇకముందు ఎలా పెరుగుతాయో ఓ అంచనా ఉండాలి.

ఈ అంచనాలో మూడు ప్రశ్నలున్నాయి. ఎదుగుదల జోరు ఎప్పుడు? గడ్డం ఎటు వెళ్తుంది? ఎన్ని మిల్లీమీటర్లు? మొదటి ప్రశ్నకు బాగా చెప్పగలం, రెండోదానికి కొంతవరకు, మూడోదానికి చాలా తక్కువ. కానీ సాఫ్ట్‌వేర్ తెరమీద మిల్లీమీటర్లు కనిపిస్తాయి కాబట్టి చాలామంది మూడోదానితో మొదలుపెడతారు. ఈ వ్యాసంలో వరుస మాత్రం మారదు: ఎప్పుడు, ఎటు, ఆ తర్వాతే ఎంత.

## 1. ఈ లెక్కలు వర్తించని పిల్లలను ముందే గుర్తించండి

సగటు పట్టికలన్నీ ఆరోగ్యంగా ఎదిగే పిల్లలవి. కింద చెప్పిన వాటిలో ఒక్కటున్నా సగటుతో అంచనా వేయకండి. పిల్లల వైద్యుణ్ణో పెద్ద ఆసుపత్రినో కలుపుకుని, వరుస రికార్డులతోనే నడవండి.

- గ్రహణం మొర్రి, అంగిలి చీలిక
- చిన్నప్పుడు గడ్డం మీద పడిన దెబ్బ, నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం
- పిల్లల కీళ్ళవాతం
- థైరాయిడ్ లోపం, గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్లు, చాలాకాలంగా స్టెరాయిడ్లు
- తలసీమియా
- గడ్డం ఒక పక్కకు వంకర పోతూ, ఆ వంకర ఏడాదికేడాది ఎక్కువవడం

గడ్డం దెబ్బ సంగతి ప్రత్యేకంగా అడగాలి. సైకిలు మీంచో మెట్ల మీంచో పడితే గడ్డం కింద చిన్న కుట్టుతో సరిపోయిందనుకుంటారు. కండైల్ (చెవి ముందు కీలులో ఆడే కింది దవడ కొన) విరిగిన సంగతి ఎవరికీ తెలియదు. గడ్డం కింద పాత మచ్చ కనబడితే వదలకండి: నోరు ఎన్ని మిల్లీమీటర్లు తెరుచుకుంటోందో కొలవండి, తెరిచేటప్పుడు గడ్డం ఏ పక్కకు లాగుతోందో చూడండి.

## 2. ఇంటివాళ్ళను అడగాల్సినవి

పుట్టిన తేదీ. ఆధార్‌లోనూ స్కూల్ రికార్డులోనూ ఉన్నది నిజమైన తేదీ కాకపోవచ్చు. బళ్ళో చేర్చేటప్పుడు వయసు సరిపెట్టడానికి జూన్‌లో ఏదో ఒక తేదీ రాయించిన పిల్లలు ఇప్పటికీ కనిపిస్తారు. "బళ్ళో వేసిన తేదీ కాదండి, ఆసుపత్రిలో పుట్టిన తేదీ చెప్పండి" అని అడిగి, టీకాల కార్డు చూడండి. ఎనిమిది నెలల తేడా వస్తే ఎత్తు చార్టులో పిల్లవాడి చుక్క వేరే గీత మీద పడుతుంది.

ఆడపిల్లల విషయం. నెలసరి మొదలయ్యేది ఎత్తు పెరిగే జోరు పతాక స్థాయి దాటాక, సగటున ఏడాది తర్వాత. కాబట్టి పెద్దమనిషైన పిల్లకు జోరు తగ్గుతోందని అర్థం. మన దగ్గర ఇందుకు మంచి ఆధారమే ఉంటుంది, ఇంట్లో ఫంక్షన్ ఆల్బం. చిక్కు కూడా అక్కడే ఉంది. ఓణీల ఫంక్షన్ వేరు, పెద్దమనిషైన రోజు వేరు. ఓణీలు కొందరు ముందే వేస్తారు, కొందరు సెలవులు, ముహూర్తం, గల్ఫ్ నుంచి నాన్న వచ్చే తేదీ చూసుకుని నెలల తర్వాత చేస్తారు. ఫ్లెక్సీ మీది తేదీ రాసుకుంటే మోసపోతాం.

అడిగే తీరు కూడా చూసుకోవాలి. పిల్లను బయట కూర్చోబెట్టి, తల్లినో అమ్మమ్మనో మహిళా సహాయకురాలి చేత అడిగించండి: "అమ్మా, పాప పెద్దమనిషి అయ్యిందాండీ? ఏ నెలలో అయ్యిందో గుర్తుందాండీ?" వచ్చిన జవాబును కేస్ షీట్‌లో నెల, సంవత్సరంతో రాయండి.

మగపిల్లల విషయం. గొంతు మారడం మొదలైతే జోరులో ఉన్నాడని, పూర్తిగా మగగొంతు వచ్చేస్తే జోరు తగ్గుతోందని అర్థం. "ఈమధ్య ప్యాంట్లు పొట్టైపోతున్నాయాండీ? చెప్పులు ఎన్నోసారి మార్చారండీ?" అని అడిగితే తల్లులు ఠక్కున చెబుతారు. సంక్రాంతికి కుట్టించిన ప్యాంటు బళ్ళు తెరిచేసరికి చీలమండల పైకి పోయిందంటే అది పనికొచ్చే సమాచారమే.

కుటుంబం. కింది దవడ ముందుకు పెరిగే తత్వం కుటుంబాల్లో నడుస్తుంది. తండ్రి, తల్లి, మేనమామ, ఇరువైపుల తాతలు, అందరి గురించీ అడగండి. మేనరికం అయితే తల్లి వైపు, తండ్రి వైపు ఒకే వంశమని గుర్తుపెట్టుకోండి. పెళ్ళి ఆల్బంలో తలంబ్రాలప్పుడు పక్కనుంచి తీసిన ఫోటోలు ఉంటాయి. వాటిలో తల్లిదండ్రుల గడ్డాలు, పెదాలు స్పష్టంగా కనిపిస్తాయి. ఫోన్‌లో తెమ్మనండి. పిల్లవాడికంటే పదేళ్ళు పెద్దవాళ్ళైన అక్క, అన్న ఉంటే పిలిపించి చూడటం ఇంకా మేలు.

తల్లి గల్ఫ్‌లో ఉండి, పిల్ల అమ్మమ్మ దగ్గర పెరుగుతుంటే వీడియో కాల్‌లో తల్లినే అడగండి. చాలా తేదీలు అమ్మమ్మకు గుర్తుండవు.

## 3. ఎత్తు కొలవడం

ఈ మొత్తం పనిలో అతి చవకైనదీ, అందరూ నిర్లక్ష్యం చేసేదీ ఇదే. గోడకు స్టేడియోమీటర్ (ఎత్తు కొలిచే పట్టీ) బిగించండి. రేడియేషన్ లేదు, పెద్దగా ఖర్చూ లేదు.

- చెప్పులు, సాక్సులు తీయాలి. జడ ముడి, కొప్పు, పూలు, క్లిప్పులు తల మీంచి తీయించాలి.
- మడమలు, పిరుదులు, వీపు గోడకు ఆనాలి. చూపు తిన్నగా ఉండాలి.
- మిల్లీమీటరు వరకు చదవాలి. రెండుసార్లు కొలవాలి, 4 మి.మీ. కంటే తేడా వస్తే మూడోసారి.
- ప్రతిసారీ దాదాపు ఒకే వేళకు కొలవాలి. పొద్దున కంటే సాయంత్రానికి మనిషి ఇంచుమించు 1 సెం.మీ. తగ్గుతాడు.

రెండు కొలతల మధ్య కనీసం 6 నెలలు ఉండాలి. అంతకంటే దగ్గరైతే కొలతలో పొరపాటే ఎదుగుదలలా కనిపిస్తుంది. ఒకసారి సంక్రాంతి సెలవుల్లో, ఒకసారి జూలైలో కొలుస్తామని ఇంటివాళ్ళకు చెబితే గుర్తుంటుంది. హాస్టల్ పిల్లలు కూడా పండక్కి ఇంటికొస్తారు.

లెక్క ఇలా. జనవరిలో 138.4 సెం.మీ., జూలైలో 141.0 అనుకుందాం. 6 నెలల్లో 2.6, అంటే ఏడాదికి 5.2 సెం.మీ. చొప్పున. ఇది జోరుకు ముందు మామూలు వేగం. వచ్చే జనవరికి 144.8 అయితే 6 నెలల్లో 3.8, ఏడాదికి 7.6. జోరు మొదలైంది. పతాక స్థాయిలో ఆడపిల్లలు సగటున ఏడాదికి 8 సెం.మీ. దగ్గర, మగపిల్లలు 9 నుంచి 10 సెం.మీ. దగ్గర పెరుగుతారు. సగటు వయసు ఆడపిల్లలకు 12, మగపిల్లలకు 14, కానీ రెండేళ్ళు అటూ ఇటూ కావడం మామూలే. కింది దవడ జోరు కూడా ఇంచుమించు ఈ సమయానికే వస్తుంది.

చుక్కలు పెట్టుకోవడానికి ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015లో ఇచ్చిన 5–18 ఏళ్ళ చార్టు వాడండి. వేరే దేశపు చార్టులో మన పిల్లవాణ్ణి పొట్టివాడని తేల్చేయకండి.

## 4. ఎక్స్‌రే కంటే ముందు కొరుకు చూడండి

ముందు పళ్ళు తిరగబడి, కింది పళ్ళు బయటికి ఉన్న పిల్లవాడు నిజంగా కింది దవడ పెరిగినవాడా, పళ్ళు అడ్డుపడి దవడను ముందుకు జరిపి కొరుకుతున్నవాడా? నాలుక కొనను అంగిలి వెనక్కి పెట్టించి, గడ్డాన్ని మెల్లగా వెనక్కి నడిపిస్తూ మూయించండి. ముందు పళ్ళు కొనకు కొన తగిలి ఆగిపోతే, అందులో కొంత భాగం జారుడే. ఆ జారుడుతో తీసిన సెఫలోగ్రామ్ (తలకు పక్కనుంచి తీసే ఎక్స్‌రే), నిజానికి లేని ఎదుగుదలను చూపిస్తుంది. పళ్ళు మొదట తగిలే స్థితిలో మైనపు కొరుకు (మైనంలో కొరికించిన అచ్చు) తీసుకుని, రెండో ఫిల్ము ఆ స్థితిలో తీయించాలి.

నోటితో ఊపిరి, రాత్రి గురక, బొటనవేలు చీకడం, నాలుక తోపు కూడా ఇక్కడే రాసుకోవాలి. అడినాయిడ్లు (ముక్కు వెనక ఉబ్బే కండ) అనుమానమొస్తే ఈఎన్‌టీ వైద్యుడికి చూపించండి.

## 5. పనికొచ్చే సెఫలోగ్రామ్ తెప్పించుకోవడం

అంచనాలు తప్పడానికి సగం కారణాలు ఇక్కడే పుడతాయి. రాజమహేంద్రవరంలోనో కాకినాడలోనో ఎక్స్‌రే సెంటరుకు పంపేటప్పుడు చీటీ మీద "లేటరల్ సెఫ్" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే వాళ్ళు వాళ్ళకు అలవాటైనట్టే తీస్తారు. చీటీలో ఇవన్నీ రాయండి:

- వెనక పళ్ళు పూర్తిగా కలిపి కొరకాలి, పెదాలు వదులుగా ఉండాలి
- తల సహజ స్థితిలో, చూపు తిన్నగా
- మెడ నాలుగో ఎముక కింది అంచు వరకు ఫిల్ములో పడాలి
- కొలబద్ద నీడ ఫిల్ములో కనిపించాలి
- ఫిల్ముతో పాటు డైకామ్ ఫైలు (ఎక్స్‌రే అసలు డిజిటల్ ఫైలు) పెన్‌డ్రైవ్‌లో ఇవ్వాలి

మూడో అంశం దగ్గర ఓ చిక్కుంది. థైరాయిడ్ కాలర్ కట్టి తీస్తే మెడ మూడు, నాలుగు ఎముకలు దాని నీడలో కనబడకుండా పోతాయి. కాలర్ పిల్లల గొంతుకు రక్షణ. ఈ ఫిల్ము నుంచి మెడ ఎముకలు చదవాల్సిన అవసరం నిజంగా ఉందో లేదో మీరే ముందు తేల్చుకుని రాయండి. అవసరం లేకపోతే కాలర్ ఉంచమనండి, ఎప్పుడు అనే ప్రశ్నకు వేలి ఎక్స్‌రే సరిపోతుంది.

కొలబద్ద ఎందుకంటే ఈ లెక్క చూడండి. కింది దవడ నిజం పొడవు 110 మి.మీ. ఒక సెంటరు యంత్రం 10 శాతం పెద్దగా చూపిస్తే ఫిల్ము మీద 121 మి.మీ. వస్తుంది. ఏడాది తర్వాత ఇంకో ఊళ్ళో 8 శాతం పెంచే యంత్రం మీద తీస్తే, దవడ ఏమీ పెరగకపోయినా 118.8 వస్తుంది. తేడా 2.2 మి.మీ. ఒక పిల్లవాడి దవడ ఏడాదికి పెరిగేదీ సుమారు అంతే. అంటే పెరిగిన పిల్లవాడు పెరగనట్టూ, పెరగనివాడు కుదించుకుపోయినట్టూ కనిపిస్తాడు. మొదటి ఫిల్ము ఎక్కడ తీశారో తర్వాతవీ అక్కడే తీయించండి. కుదరకపోతే కొలబద్దతో రెండింటినీ నిజం కొలతకు దించి, ఆ తర్వాతే పోల్చండి.

ఫిల్మును కిటికీకి ఆనించి వాట్సాప్‌లో పంపిన ఫోటో మీద కోణాలు కూడా గీయకండి. ఫోన్ వాలితే బొమ్మ వాలుతుంది. పాత ఫిల్ములు వర్షాకాలపు చెమ్మకు ఒకదానికొకటి అతుక్కుని బూజు పడతాయి. మధ్యలో పల్చని కాగితం పెట్టి నిలువుగా దాచండి, స్కాన్ ఒకటి ఉంచుకోండి.

అంచనా కోసమని ప్రతి ఆరు నెలలకూ సెఫలోగ్రామ్ తీయడం తగదు. వైద్యం నిర్ణయం మారే అవకాశం ఉన్నప్పుడే మళ్ళీ తీయించండి. కేవలం ఎదుగుదల అంచనా కోసం సీబీసీటీ (త్రీడీ స్కాన్) అసలు అడగకండి.

## 6. ఎప్పుడు: మెడ ఎముకలు చదవడం

రెండు, మూడు, నాలుగు మెడ ఎముకల కింది అంచులు, ఆ ఎముకల ఒంటి ఆకారం చూడాలి. బాచెట్టి, ఫ్రాంకి, మెక్‌నమారా అనే పరిశోధకులు 2005లో స్థిరపరిచిన ఆరు మెడ ఎముకల దశలే (సీఎస్) ఇవి.

- సీఎస్ 1: మూడింటి కింది అంచులూ చదును. జోరు పతాకానికి (పతాక స్థాయికి) ఇంకా సగటున 2 ఏళ్ళు.
- సీఎస్ 2: రెండో ఎముక అడుగున గుంట. పతాకానికి సుమారు ఏడాది.
- సీఎస్ 3: రెండు, మూడు ఎముకల అడుగున గుంటలు. రాబోయే ఏడాదిలోనే పతాకం.
- సీఎస్ 4: మూడింటికీ గుంటలు, మూడు నాలుగు ఎముకలు పడుకున్న దీర్ఘచతురస్రాలు. పతాకం దాటి 1–2 ఏళ్ళ లోపు.
- సీఎస్ 5: మూడు, నాలుగులో కనీసం ఒకటి చతురస్రం. దాటి కనీసం ఏడాది.
- సీఎస్ 6: కనీసం ఒకటి నిలువు దీర్ఘచతురస్రం. దాటి కనీసం 2 ఏళ్ళు.

చదివే వరుస ముఖ్యం. ముందు గుంటలు చూడండి, ఆ తర్వాత ఆకారం. గుంట ఉందా లేదా అని సందేహమొస్తే అడుగు అంచు రెండు మూలలనూ కలుపుతూ స్కేలుతో గీత గీయండి. గీతకూ ఎముకకూ మధ్య వెలుతురు స్పష్టంగా కనిపిస్తేనే గుంట. అడుగు అంచు జోడుగా కనబడితే మెడ తిరిగిందని అర్థం, ఆ ఫిల్ము మీద దశ చెప్పకండి.

ఇద్దరు వైద్యులు ఒకే ఫిల్ముకు పక్కపక్క దశలు చెప్పడం తరచూ జరుగుతుంది. ముఖ్యంగా సీఎస్ 2, 3 మధ్య. అందుకే దశ ఒక్కదాన్నే పట్టుకుని మందూ మాకూ మొదలుపెట్టకూడదు. ఎత్తు వేగం, నెలసరి లేదా గొంతు, మెడ దశ, ఈ మూడింట్లో రెండు ఒకే మాట చెబితే నమ్మండి. మూడూ మూడు దారులైతే ఆరు నెలలు ఆగి ఎత్తు మళ్ళీ కొలవండి.

పేర్లు, వయసు కప్పేసి పది ఫిల్ములు చదవండి. రెండు వారాల తర్వాత అవే మళ్ళీ చదవండి. ఎన్నింటికి మీ మాట మీకే సరిపోలిందో చూసుకోండి. ఇది చేయకుండా ఎవరూ తమ కంటిని నమ్ముకోకూడదు.

## 7. నడివేలి ఎక్స్‌రే

మెడ కనబడనప్పుడూ సందేహమున్నప్పుడూ క్లినిక్‌లో ఉన్న పంటి ఎక్స్‌రే యంత్రమే చాలు. ఎడమ అరచేయి కిందికి పెట్టించి, నడివేలిలో పిడికిలి కణుపు తర్వాత వచ్చే కణుపు సెన్సర్ మధ్యలో ఉండేలా ఉంచండి. ట్యూబు నిలువుగా, ఎక్స్‌పోజర్ తక్కువకు. ఉంగరం తీయించడం మరవకండి.

మధ్య ఎముక అడుగున ఉన్న ఎదుగుదల పళ్ళెం చూడాలి. పళ్ళెం ఎముకంత వెడల్పే ఉంటే ఇంకా ముందుంది. అంచులు నిటారుగా గోడ కట్టినట్టుంటే జోరులోకి వస్తున్నాడు. అంచులు ఎముక మీదికి టోపీలా వంగితే పతాకం దగ్గరో, అప్పుడే దాటుతూనో ఉన్నాడు. అతుక్కోవడం మొదలైతే దాటిపోయింది. పూర్తిగా అతుక్కుంటే జోరు అయిపోయింది.

## 8. ఎటు: కింది దవడ తిరిగే దిక్కు

కింది దవడ పెరుగుతూ తిరుగుతుంది. గడ్డం ముందుకు పైకి తిరిగేది ఒక రకం, కిందికి వెనక్కి తిరిగేది ఇంకో రకం. ఎదుగుదల పరిశోధకుడు బ్యోర్క్ 1969లో చెప్పిన ఏడు గుర్తులను ట్రేసింగ్ (ఫిల్ము మీంచి గీసుకున్న గీతల బొమ్మ) మీద ఒక్కొక్కటిగా చూడండి.

ముందుకు తిరిగేవారిలో కండైల్ తల ముందుకు వాలి ఉంటుంది. నరం నడిచే కాలువ బాగా వంగి ఉంటుంది. గడ్డం అడుగున ఎముక గోడ మందంగా, గుండ్రంగా ఉంటుంది. గడ్డం ముందుకు పొడుచుకొస్తుంది. పై, కింది ముందు పళ్ళ మధ్య కోణం, వెనక పళ్ళ మధ్య కోణం, రెండూ పెద్దవిగా ఉంటాయి. ముఖం కింది భాగం పొట్టిగా ఉంటుంది. వెనక్కి తిరిగేవారిలో అన్నీ తిరగబడతాయి: తల వెనక్కి వాలుతుంది, కాలువ తిన్నగా నడుస్తుంది, గడ్డం అడుగు గోడ పల్చబడుతుంది, గడ్డం వెనక్కి జారుతుంది, ముఖం కింది భాగం సాగుతుంది.

దీనికి నాలుగు కొలతలు తోడు చేయండి. ఎస్ఎన్ గీతకు (కపాలం అడుగున సెల్లా బిందువు నుంచి ముక్కు మొదట్లోని నేసియన్ బిందువు దాకా గీసేది) కింది దవడ వాలు సగటు 32 డిగ్రీలు. వెనక ముఖం ఎత్తును ముందు ముఖం ఎత్తుతో భాగిస్తే 62–65 శాతం మామూలు. దానికి బాగా తక్కువైతే నిలువు పెరుగుదల. గోనియల్ కోణం (కింది దవడ వెనక మూల కోణం) కింది సగం 70–75 డిగ్రీలు మామూలు, 75 దాటితే నిలువు వైపు. ముఖం మొత్తం ఎత్తులో కింది భాగం సుమారు 55 శాతం.

దవడ కోణం ముందుండే నొక్కును ఒక్కదాన్నే చూసి దిక్కు చెప్పేవాళ్ళున్నారు. అది చేయకండి. లోతైన నొక్కు రెండు విధాలుగానూ కనిపిస్తుంది. ఏడింటిలో ఐదు ఒకే దిక్కు చూపిస్తేనే దిక్కు రాయండి. మూడు అటూ నాలుగు ఇటూ అయితే "మధ్యస్థం" అని రాయండి. చాలామంది పిల్లలు మధ్యస్థమే. ఈ గుర్తులు బాగా పనిచేసేది రెండు చివర్లలో ఉన్న పిల్లల్లో. 1984లో స్కీల్లర్, బ్యోర్క్ బృందం 21 మంది పిల్లల్లో ఇలాంటి గుర్తులతోనే తిరుగుడును చాలావరకు వివరించగలిగారు. కానీ ఆ 21 మందిలో చివరి రకాలవాళ్ళే ఎక్కువ. మామూలు పిల్లల మీద తర్వాత పరీక్షిస్తే ఆ బలం కనబడలేదు.

## 9. ఎంత: తక్కువ మాటలతో, తక్కువ కాలానికి

రెండేళ్ళు దాటి మిల్లీమీటర్లు చెప్పకండి. అమెరికా ఆర్థోడాంటిస్టు రికెట్స్ పద్ధతిలో ఏడాదికి వేసేది ఇంత:

- బేసియన్–నేసియన్ గీత (కపాలం అడుగు గీత) రెండు చివర్లా 1 మి.మీ. చొప్పున
- కండైల్ అక్షం (కీలు వైపు దవడ కొమ్మ) 1 మి.మీ.
- కార్పస్ అక్షం (దవడ ఒంటి పొడవు) 2 మి.మీ.
- ముఖ అక్షం కోణం (గడ్డం పెరిగే దిక్కు) మారదు
- కింది దవడ వాలు 3 ఏళ్ళకు 1 డిగ్రీ తగ్గుతుంది

మొదటి ట్రేసింగ్ మీద మ్యాట్ కాగితం పరిచి, 0.5 మి.మీ. పెన్సిలుతో ఈ లెక్కన ఒక గీత గీయండి. అక్కడితో ఆగకుండా రెండో గీత, మూడో గీత కూడా వేయండి: కార్పస్ అక్షం 1 మి.మీ. మాత్రమే పెరిగితే, 3 పెరిగితే. మూడు గడ్డాలు కనిపిస్తాయి. మూడింటిలో ఏది వచ్చినా మీ వైద్యం నిలబడుతుందా అని చూసుకోండి. నిలబడకపోతే మార్చాల్సింది వైద్యపు ఆలోచనే.

ఈ సగటులు అమెరికా తెల్లజాతి పిల్లలవి. మన పిల్లల్లో పళ్ళూ పెదాలూ ముందుకు ఉండటం మామూలు కాబట్టి, పెదాల స్థితిని ఆ పట్టికతో తూచి "తప్పు" అని రాయకండి. పెరుగుదల చొప్పును మాత్రం ఆరంభ అంచనాగా వాడుకోవచ్చు.

వెడల్పు మొదట ఆగిపోతుంది, తర్వాత ముందు–వెనకల పొడవు, చివరికి ఎత్తు. నిలువు పెరుగుదల ఆడపిల్లల్లో 17–18 దాకా, మగపిల్లల్లో ఇరవై దాటాక కూడా కొద్దికొద్దిగా సాగుతుంది. ఇరుకు అంగిలిని వెడల్పు చేయాలంటే జోరు రాకముందే చేయాలి. వెనకబడిన కింది దవడకు ట్విన్ బ్లాక్ (కింది దవడను ముందుకు పట్టి ఉంచే పరికరం) లాంటివి సీఎస్ 3 దగ్గర పెట్టుకోవాలి. పెద్దమనిషైన ఏడాదికి తీసుకొచ్చిన పిల్లకు ట్విన్ బ్లాక్‌తో దవడ పెరుగుతుందని ఆశపెట్టకండి, ఎక్కువగా పళ్ళే జరుగుతాయి.

## 10. కింది దవడ ముందుకు పెరిగే పిల్లలు

ఒక్క ఫిల్ముతో అంచనా తప్పేది అన్నిటికంటే ఎక్కువగా ఈ పిల్లల్లోనే. పై దవడ వెనకబడితే ఫేస్‌మాస్క్ (పై దవడను ముందుకు లాగే పరికరం) 8–10 ఏళ్ళకు, ఇంకా తొందరగా వస్తే మరీ మంచిది. ఆ వైద్యం అయ్యాక ఒక సెఫలోగ్రామ్, 2–4 ఏళ్ళ తర్వాత రెండోది తీయించాలి.

రెండింటినీ కపాలం అడుగు మీద ఒకదానిపై ఒకటి ఉంచి, మొదటి ఫిల్ములో పళ్ళు కలిసే తలం వెంబడి 'ఏ' బిందువు (పై దవడ ముందు గుంట) ఎంత ముందుకెళ్ళిందో, 'బి' బిందువు (కింది దవడ ముందు గుంట) ఎంత వెళ్ళిందో కొలవండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. మామూలు పిల్లల్లో ఇది 0.77 దగ్గర ఉంటుంది. 'ఏ' 3 మి.మీ., 'బి' 6 మి.మీ. అయితే 0.50. 'ఏ' 2, 'బి' 6 అయితే 0.33. 0.38 కంటే తక్కువొస్తే పెద్దయ్యాక దవడ ఆపరేషన్ అవసరం పడొచ్చని ఇంటివాళ్ళకు అప్పుడే చెప్పండి. కింది పళ్ళు పీకి క్లిప్పులతో కప్పిపుచ్చే పని ఆ పిల్లవాడికి మొదలుపెట్టకండి. రేపు ఆపరేషన్ చేయాల్సి వస్తే పీకిన పళ్ళే అడ్డవుతాయి.

## 11. తరచూ జరిగే తప్పులు, దిద్దుకునే తీరు

పళ్ళ వయసుతో ఎదుగుదల చెప్పడం. పన్నెండో ఏటి దవడపళ్ళు వచ్చాయి కాబట్టి జోరులో ఉన్నాడనుకోవడం. పళ్ళు రావడానికీ జోరుకూ సంబంధం బలహీనం. మెడ, వేలు, ఎత్తు చూడాలి.

ఎస్ఎన్ గీత మీద రెండు ట్రేసింగులు కలిపేసి కింది దవడ పెరుగుదల చదవడం. నేసియన్ కూడా కదులుతుంది. కింది దవడను దాని సొంత గుర్తుల మీదే కలపాలి: గడ్డం ముందు అంచు, లోపలి ఎముక గోడ, నరం కాలువ, వేరు ఇంకా మొదలవ్వని జ్ఞానదంతం మొగ్గ అడుగు.

సాఫ్ట్‌వేర్ దానంతటదే పెట్టిన బిందువులను అలాగే ఒప్పుకోవడం. కండైల్, గోనియన్, బేసియన్ దగ్గర తరచూ జారుతుంది. ప్రతి బిందువునూ కంటితో చూసి సరిచేయాలి.

2 మి.మీ. తేడాను ఎదుగుదల అనుకోవడం. ఒకే ఫిల్మును రెండుసార్లు ట్రేస్ చేయండి. మీ రెండు ట్రేసింగుల మధ్యే 1 మి.మీ. తేడా వస్తుంటే, రెండు ఫిల్ముల మధ్య 1 మి.మీ.కు అర్థం లేదు.

తండ్రి గడ్డం చూసి భయపెట్టడం. కుటుంబంలో ఉందన్నది జాగ్రత్తకు కారణం మాత్రమే. పిల్ల ఎదుటే "తాతగారి దవడే వచ్చేసింది" అనకండి. ఆ మాట ఆ పిల్ల జీవితాంతం మోస్తుంది.

## 12. రాసిపెట్టడం, ఇంటివాళ్ళకు చెప్పడం

కేస్ షీట్‌లో ఒక పేజీ దీనికే కేటాయించండి:

- నిజమైన పుట్టిన తేదీ, ఆధారం
- ఎత్తులు, తేదీలు, ఏడాది వేగం
- నెలసరి లేదా గొంతు మార్పు నెల
- మెడ దశ, వేలి దశ, చదివిన తేదీ
- దిక్కు: ముందుకు, మధ్యస్థం, వెనక్కి, ఏడింటిలో ఎన్ని గుర్తులు
- రెండేళ్ళ అంచనా: తక్కువ, మధ్య, ఎక్కువ
- ఏ కొలత ఎలా వస్తే ప్రణాళిక మారుస్తాం
- మళ్ళీ చూడాల్సిన తేదీ

రెండేళ్ళ తర్వాత అసలు జరిగింది పక్కనే రాయండి. మీ అంచనాలు ఎటువైపు తప్పుతున్నాయో ఇరవై కేసులకు తెలిసిపోతుంది.

తల్లిదండ్రులకు మిల్లీమీటర్లు అక్కర్లేదు. ఇలా చెబితే చాలు: "అమ్మా, పాప ఇప్పుడే ఎదిగే జోరులోకి వస్తోందండి. ఈ ఏడాది దవడ బాగా పెరుగుతుంది, దాన్ని వాడుకుందాం. గడ్డం ఎంత ముందుకొస్తుందో ఇప్పుడు కచ్చితంగా చెప్పలేమండి. సంక్రాంతికి తీసుకొస్తే ఎత్తు కొలిచి, అప్పుడు చూద్దాం." ఆపరేషన్ అవసరం పడొచ్చనే మాట చెప్పాల్సి వస్తే పదేళ్ళప్పుడే చెప్పి, చెప్పినట్టు రాసి సంతకం తీసుకోండి. పద్దెనిమిదేళ్ళప్పుడు మొదటిసారి వింటే ఆ ఇంట్లో అందరూ కుంగిపోతారు.

## 13. ఎదుగుదల ఆగిందని ఎప్పుడు అనాలి

ఎత్తు ఆగిందంటే దవడ ఆగిందని కాదు. ముఖ్యంగా కింది దవడ ముందుకు పెరిగే మగపిల్లల్లో ఎత్తు ఆగాక కూడా అది సాగుతుంది. దవడ ఆపరేషన్‌కు ముందు ఏడాది ఎడంతో రెండు సెఫలోగ్రాములు, ఒకే సెంటరులో, ఒకే కొలబద్దతో తీయించి కలిపి చూడండి. తేడా మీ ట్రేసింగ్ పొరపాటు కంటే తక్కువగా ఉంటేనే ఆగిందని రాయండి. ఇంకా సాగుతుంటే మరో ఏడాది ఆగాలి. పెళ్ళి చూపులు, ఇంజనీరింగ్ సెలవులు, ఏ తొందర ఉన్నా సరే.

పదో తరగతి అవగానే చాలామంది పిల్లలు విజయవాడ హాస్టళ్ళకు వెళ్ళిపోతారు. సరిగ్గా మగపిల్లల దవడ జోరు సాగుతున్న ఏళ్ళివి. బయల్దేరే ముందు పై పేజీ నకలు, డైకామ్ ఫైళ్ళు, మొదటి సెంటరు పేరు, తర్వాతి ఫిల్ము తీయాల్సిన నెల, అన్నీ ఒక కవరులో పెట్టి తల్లి చేతికివ్వండి. రిటైనర్ (సరిచేసిన పళ్ళు మళ్ళీ జరగకుండా పెట్టుకునేది) రాత్రిపూట వేసుకుంటున్నాడా అని పండక్కి వచ్చినప్పుడు చూసి, ముందు పళ్ళ మధ్య ఎడం మిల్లీమీటర్లలో కొలిచి, అదే పేజీలో తేదీతో రాయండి.